మాట పూర్తయ్యేదాకా

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక జరిగిన వీడియో మీటింగులో, ఆమె అనని మాట ఒకటి ఆమె అన్నట్టుగా ఖాయమైపోయింది.

ఆ మీటింగు నత్తి ఉన్నవాళ్ళ కోసం నడిచే ఒక ఇంటర్నెట్ ఫోరానిది. దాన్ని మొదలుపెట్టిన డ్రాయింగు మాస్టారూ, దాని బాగోగులు చూసే నలుగురైదుగురు సభ్యులూ ఆ రోజు తెరమీద కలుసుకున్నారు. ఫోరం నడుస్తున్న సాఫ్ట్‌వేర్ పాతబడిపోయింది. తయారుచేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు. ఇప్పుడు దానికి తలుపులున్నా గడియలు లేవు. ఎవరో తన పెళ్ళిచూపుల్లో పడ్డ అవస్థ రాసుకుంటే, దాని కిందే బట్టతల మందు ప్రకటన ఊడిపడుతోంది. నెలాఖరులోగా వేరే సాఫ్ట్‌వేర్‌లోకి మారకపోతే మొత్తం ఆపేస్తామని సర్వరు అద్దెకిచ్చిన కంపెనీ ఖరాఖండీగా చెప్పేసింది. మారక తప్పదు. ఎందులోకి మారాలన్నదే ప్రశ్న.

పరిశీలనలో మూడున్నాయి. ఆమె మూడింటినీ వాడి చూసి, ఏది ఎక్కడ బాగుందో, ఎక్కడ విసిగిస్తోందో ఫోరంలో వివరంగా రాసిపెట్టింది. సభ్యుల్లో ఒకడైన ఇంజనీరు అది చదివాడు. "చాలా బాగా రాశారు మేడమ్. కానీ ఇలా రాసుకుంటూ కూర్చుంటే ఏడాదైనా తెమలదు. అందరం ఓసారి మాట్లాడేసుకుంటే గంటలో తేలిపోతుంది" అని జవాబిచ్చాడు. నత్తి ఉన్నవాళ్ళందర్నీ కూర్చోబెట్టి గంటలో మాట్లాడేసుకుందామనడంలోని తమాషా ఎవరికీ తట్టలేదో, తట్టినా పెద్దమనుషుల్లా ఊరుకున్నారో.

ఇంజనీరు కూడా ఒకప్పుడు నత్తి ఉన్నవాడే. ఇప్పుడు లేదు. 'నాకు పోయింది, మీకూ పోతుంది' అని అతను రాసిన వ్యాసం ఫోరం మొదటి పేజీలోనే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళు ముందు అదే చదువుతారు. మనిషి మంచివాడు. ఫోరంలో ఏ మరమ్మతు వచ్చినా తన ఆఫీసు పని పక్కనపెట్టి చేస్తాడు. మాట గలగలా వస్తుంది. ఎదుటివాళ్ళు ఎక్కడైనా ఆగితే, మెట్ల మీద తూలిన మనిషికి చెయ్యి అందించినట్టు, చటుక్కున మాట అందిస్తాడు. ఆ రోజు మీటింగు మొదలుపెట్టిందీ అతనే.

"నేను చెప్పిన కొత్తది అందరూ చూశారుగా. ఫోన్లో బ్రహ్మాండంగా నడుస్తుంది. మాట్లాడుకోడానికి విడిగా గదులున్నాయి. ఎన్నాళ్ళని రాతల చాటున దాక్కుంటాం? సరే, ఒక్కొక్కరూ చెప్పండి."

నర్సమ్మ చెప్పింది. నిజంగానే ఆస్పత్రిలో నర్సు. అందరికంటే చిన్నది, ఈ మధ్యనే చేరింది. "నాకు మా... మాట్లాడే గది కావాలి" అంది. ఇంకో ఇద్దరు తలూపారు.

"మేడమ్, మీరు?"

ఆమె మైకు తెరిచింది. వాక్యం పొద్దుటి నుంచీ సిద్ధంగా ఉంది. మొదటి సగం సాఫీగా వచ్చేసింది. తర్వాతి మాట దగ్గర నాలుక పైపళ్ళ వెనక అతుక్కుపోయింది.

"నాకు కొత్తది న... న..."

"నచ్చింది!" అన్నాడు ఇంజనీరు సంబరంగా. "థాంక్యూ మేడమ్. మీరే ఒప్పుకున్నాక ఇంక పేచీ ఏముంది!"

ఆమె అనబోయింది నచ్చలేదని. మన భాషలో ఔనూ కాదూ ఒకే గుమ్మంలోంచి బయల్దేరతాయి. వీధి చివరిదాకా వెళితే గాని ఏది ఎటు తిరిగిందో తెలీదు. ఆమె గట్టిగా తల అడ్డంగా ఊపింది. తెరమీద ఆమె బొమ్మ అగ్గిపెట్టె అంత ఉంది. అప్పటికే ఇంజనీరు ఎలా మారాలో, ఎప్పుడు మారాలో చెప్పుకుపోతున్నాడు.

మీటింగయ్యాక భర్త మంచినీళ్ళ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చాడు. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడాయన.

"ఏం తేలింది?"

"నాకు నచ్చిందట" అంది ఆమె. ఈసారి మాట ఎక్కడా తగల్లేదు.

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి, గ్లాసు బల్లమీద పెట్టేశాడు.

*

మర్నాడు షాపులో పని ఊపిరాడనివ్వలేదు. కళ్ళద్దాల షాపు ఆమెది. ముందు వైపు ఫ్రేములు, వెనక చిన్న గదిలో అద్దాలు అరగదీసే మెషిను. గుండ్రటి అద్దం మీద నల్ల సిరాతో మధ్య చుక్క పెట్టి, ఫ్రేము ఆకారానికి గీత గీసి, మెషినుకి తగిలించింది. నీళ్ళు సన్నగా జారుతుండగా అద్దం అంచు బురదలా కరిగి కింద తొట్లో చేరుతోంది. కాస్త కాస్తగా తీసి ఫ్రేముకి పెట్టి చూడాలి. ఒక్క రవ్వ ఎక్కువ అరిగిందంటే ఆ అద్దం ఇంకెవరి కంటికీ పనికిరాదు.

గంట మోగితే చెయ్యి తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"నావి ఎప్పటికవుతాయండీ?"

"రేపు సా..."

"సాయంత్రమా? సరే."

అంతే. ఆ పెద్దమనిషి చక్కా వెళ్ళిపోయాడు. షాపులో ఇది మామూలే. సగం మాట తనది, సగం వాళ్ళది. చాలాసార్లు సరిగ్గానే పూర్తిచేస్తారు. ఎప్పుడైనా 'ఎల్లుండి' అనబోతే 'ఎల్లకాలం తిప్పుతారా ఏమిటండీ' అని నవ్వేవాళ్ళూ ఉన్నారు. ఆమె కూడా నవ్వేసేది. ఇరవై ఏళ్ళు రాకముందే నేర్చుకున్న నవ్వు అది, ఇప్పుడు దానంతట అదే వచ్చేస్తుంది.

ఫోరం సంగతి వేరు. అక్కడ ఆమె పేరు 'నిదానం'. రాస్తున్నంతసేపూ ఎవరికీ కనబడదు. కొట్టేసుకోవచ్చు, మళ్ళీ రాయొచ్చు, టీ తాగొచ్చి చివరి మాట పెట్టొచ్చు. మీట నొక్కేదాకా ఎవరూ అడ్డురారు. నిదానం ఏం రాసిందా అని ఎదురుచూసే జనం ఉన్నారు. షాపుకొచ్చే వాళ్ళెవరికీ తెలియని కొంటెతనం ఆమె అక్కడ చూపిస్తుంది.

టీ వేళ ఫోన్లో ఫోరం తెరిచింది. ఇంజనీరు మీటింగు విశేషాలు పెట్టేశాడు. 'అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. ముఖ్యంగా నిదానం గారికి బాగా నచ్చింది.' బాగా అన్నది పైన వేసిన కొసరు. కింద పదిమంది చప్పట్లు కొట్టారు.

'నేను అలా అనలేదు' అని రాసింది. చదువుకుంటే పిల్లల పోట్లాటలా ఉంది. కొట్టేసి మర్యాదగా పెద్ద పేరా రాసింది. అది చదివితే ఎవరో పోయినప్పుడు రాసే సంతాపంలా ఉంది. అదీ కొట్టేసింది. ఇంతలో మాస్టారి దగ్గర్నుంచి విడిగా కబురొచ్చింది.

'అమ్మాయ్, నీకు నచ్చిందని నాకు వినబడలేదు. నాకు చూపు తగ్గింది గాని చెవులు బాగానే ఉన్నాయి. నువ్వు అనబోయింది అదేనా?'

'కాదు మాస్టారూ.'

'అనుకున్నాను. నేను పెట్టిన ఫోరం కాబట్టి నేనే కాదనేయొచ్చు. కానీ అలా చేస్తే నీ మాట అతనికి బదులు నేను పూర్తిచేసినట్టవుతుంది. నువ్వేం చేస్తావో చెప్పు. నేను కూర్చునే ఉంటాను.'

ఆయన ఆమె కంటే ఇరవై ఏళ్ళు పెద్ద. మాట్లాడే పని తక్కువని డ్రాయింగు చెప్పే ఉద్యోగం ఎంచుకున్నానని ఒకసారి రాశాడు. సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగితే చాలట, పిల్లలు గప్‌చిప్. ఆమె ఆ కబురు రెండుసార్లు చదివి, జవాబివ్వకుండానే ఫోను సొరుగులో పెట్టి, అద్దం అరగదీయడానికి వెళ్ళిపోయింది.

*

మంగళవారం సాయంత్రం కొత్త సాఫ్ట్‌వేర్‌లో మాట్లాడే గదిని పరీక్షించి చూద్దామన్నారు. ఆమె వెళ్ళింది గాని నోరు విప్పలేదు. వినేవాళ్ళ వరసలో కూర్చుంది. నర్సమ్మ మాత్రం పెళ్ళికొచ్చినంత హుషారుగా వచ్చింది.

డ్యూటీ దిగేటప్పుడు, ఎక్కే నర్సుకి ఒక్కో రోగి సంగతీ నోటితో అప్పజెప్పాలి. అదే నర్సమ్మకి పెద్ద గండం. రెండో రోగి దాకా వచ్చేసరికే పెద్ద నర్సు, "ఇంక చాల్లే తల్లీ, ఫైలిచ్చెయ్, నేను చూసుకుంటా" అనేస్తుందట. ఇక్కడ నాలుగుసార్లు చెప్పుకుంటే అక్కడ గుండె నిలబడుతుందని ఆశ.

"కిటికీ పక్క మంచం. పె... పెద్దావిడ. తుంటి ఎముకకి ఆపరేషనైంది" అని మొదలుపెట్టింది. ఎక్కడెక్కడో తగిలింది, లేచింది, నడిచింది. "నొప్పికి మందు ఇ..." అన్నాక ఆగిపోయింది. శబ్దం లేదు. లోపల పెనుగులాడుతూ బయటికి ఏమీ రాని ఆగడం అది. వింటున్న ఆమెకి అది తన గొంతులోనే జరుగుతున్నట్టు తెలుస్తోంది. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటోంది.

టంగుమని చిన్న చప్పుడైంది. నర్సమ్మ పేరు బూడిద రంగులోకి మారింది. 'మాట్లాడటం ముగిసింది' అని తెరమీద పడి, వంతు తర్వాతి పేరుకి వెళ్ళింది. ఆ తర్వాతి పేరు ఇంజనీరుది.

"బ్రహ్మాండంగా చెప్పారు!" అన్నాడతను. "చూశారా, గదంటూ ఉంటే ధైర్యం దానంతట అదే వస్తుంది."

నర్సమ్మ పేరు కాసేపు అలాగే బూడిదగా ఉండి, మాయమైపోయింది. ఆమె వెంటనే నర్సమ్మకి కబురు పెట్టింది. చాలాసేపటికి జవాబొచ్చింది.

'ఇక్కడ కూడా నా నోరు మూయించేశారు కదక్కా. అక్కడ పెద్ద నర్సు, ఇక్కడ ఎవరో నాకు తెలీదు. ఎవరు నొక్కారు ఆ బటను?'

'ఎవరూ నొక్కలేదమ్మా. అదే ఆగిపోయింది' అని రాసింది గాని, అది నిజమో కాదో ఆమెకే రూఢిగా తెలీదు.

బుధవారం మధ్యాహ్నం షాపు తలుపు మూసి, వెనక గదిలో మెషిను ఆపి, ఒక్కతే ఆ మాట్లాడే గదిలోకి వెళ్ళింది. ఖాళీ గదిలో మాట్లాడటానికి కూడా ఆమెకి జంకే. "నేను" అంది. ఊరికే ఆగింది. టంగుమంది. మైకు మూసుకుంది. మళ్ళీ తెరిచింది. ఈసారి ఆగినప్పుడు సన్నగా దగ్గుతూ కూర్చుంది. దగ్గుతున్నంతసేపూ మైకు తెరిచే ఉంది. దగ్గు ఆపితే మూసుకుంది. సెట్టింగులన్నీ గాలించింది. దాన్ని మార్చే దారి లేదు. తయారుచేసేవాళ్ళకి రాస్తే సాయంత్రానికి మర్యాదగా సమాధానమొచ్చింది. 'అది మా ప్రత్యేకత. ఖాళీలు లేకపోవడం వల్ల సంభాషణ చురుగ్గా సాగుతుంది.'

అదంతా ఇంజనీరుకి రాసి పంపింది.

'నాకెప్పుడూ అలా కాలేదే మేడమ్' అని వచ్చింది జవాబు. 'నర్సమ్మ గారు భయపడి ఆగిపోయి ఉంటారు. అలవాటవుతుంది. అయినా మీటింగులో మీరే నచ్చిందన్నారు. ఇప్పుడు మళ్ళీ మొదటికొస్తే ఎలా చెప్పండి?'

ఫోను పక్కన పెట్టేసి చేతులు చూసుకుంది. చేతివేళ్ళ సందుల్లో అద్దం పొడి తెల్లగా పేరుకుని ఉంది. నల్లా కింద కడుక్కుని వచ్చి, మాస్టారికి ఒకే ఒక్క వాక్యం రాసింది. 'ఇంకో మీటింగు పెట్టించండి మాస్టారూ, నేను మాట్లాడాలి.'

*

"నేను ఎదురుగా కూర్చుంటా. నేనే ఆ ఇంజనీరుననుకుని చెప్పు" అన్నాడు భర్త గురువారం సాయంత్రం. సోఫాలో కాలుమీద కాలు వేసుకుని, కనుబొమ్మలు ఎగరేసి, ఆయన ఎన్నడూ చూడని ఇంజనీరులా మొహం పెట్టాడు.

"ఆదివారం నేను అ..."

"అన్న మాట!"

"ఏవండీ!"

"అయ్యో, సారీ సారీ. కానీ."

"ఆదివారం నేను అనని మా..."

"మాట." ఆయన నాలుక కరుచుకున్నాడు. "అది కాదోయ్, నా తప్పు కాదు. పొద్దున్నుంచీ పక్కసీట్లో కూర్చుని అవతలివాడు తడబడితే బ్రేకు తొక్కే బతుకు నాది. కాలు ఊరుకోదు."

"ఇది కారు కాదు" అంది ఆమె. "నేను ఎవర్నీ గు... గుద్దెయ్యను. కాస్త ఆలస్యంగా చేరతాను. అంతే."

ఆయన నవ్వలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో కూరగాయల వాడితో, డాక్టరుతో, బ్యాంకులో, చుట్టాలిళ్ళలో ఆమె మాటలు ఎన్ని తను చెప్పాడో అప్పుడే లెక్కలోకి వచ్చినట్టు మొహం పెట్టాడు. "ఎప్పుడూ చెప్పలేదే నువ్వు, వద్దని" అన్నాడు మెల్లిగా.

"చెప్పేలోగా మీరే చె... చెప్పేసేవారు."

ఆ తర్వాత ఆయన సోఫా మీది చిన్న దిండు తీసి నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఎక్కడెక్కడో ఆగింది. దిండు వెనక ఆయన కళ్ళు పెద్దవయ్యాయి, పాదం నేలని తొక్కింది గాని దిండు మాత్రం దిగలేదు.

చెబుతుంటేనే ఆమెకి ఇంకోటి కూడా తెలిసొచ్చింది. ఆదివారం తను నచ్చలేదనబోయినప్పుడు ఈ టంగుమనే చప్పుడు సంగతి తనకి తెలియనే తెలియదు. అప్పటి అయిష్టం వేరు. మాట్లాడే గది అంటూ వస్తే నిదానం కూడా అందరిలా నోరు తెరవాల్సి వస్తుందని భయం. నర్సమ్మ అంత ఆశగా అడిగినదాన్ని తను ఆ భయంతో కాదనబోయింది. అది కూడా చెప్పాలా? చెప్పకపోయినా ఎవరికీ తెలీదు. దిండు పట్టుకున్న మనిషిని చూస్తూ చాలాసేపు ఆలోచించింది.

*

శనివారం సాయంత్రం అందరూ మళ్ళీ తెరమీదికి వచ్చారు. నర్సమ్మ కెమెరా తెరవలేదు, పేరు మాత్రం ఉంది. భర్త ఆమె వెనక గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఆదివారం" అని మొదలుపెట్టింది ఆమె. "నేను నచ్చిందని అ... అ..."

"అన్నారు, అవును, నాకు గు..." అంటూ ఇంజనీరు అందుకోబోయాడు.

ఆమె అరచెయ్యి ఎత్తి కెమెరా ముందు పెట్టింది. తెరంతా చెయ్యే. అతను ఆగిపోయాడు. చెయ్యి దించి, అక్కడే మొదలుపెట్టింది.

"అనలేదు. నచ్చలేదు అనబోయాను."

తర్వాత టంగుమన్న సంగతి చెప్పింది, దగ్గిన సంగతి చెప్పింది, వాళ్ళిచ్చిన సమాధానం చదివి వినిపించింది. మధ్యలో ఒకచోట చాలాసేపు ఆగిపోయింది. మెడనరం బిగిసింది, కళ్ళు మూసుకుపోయాయి. తెరిచేసరికి అందరూ అలాగే ఉన్నారు. మాస్టారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, బొమ్మ వేయబోయే మనిషిలా ఆమెనే చూస్తున్నాడు.

"ఇంకొకటి. ఆదివారం నాకీ సంగతి తె... తెలీదు. అప్పుడు వద్దనబోయింది భయంతో. నర్సమ్మ అడిగింది తప్పు కాదు. గొంతుతో మాట్లాడే చోటు కావాలి. కానీ ఆ... ఆగితే తలుపు మూసేది వద్దు."

నర్సమ్మ కెమెరా తెరుచుకుంది. యూనిఫారంలోనే ఉంది, వెనక బీరువా.

"నేను కాదనట్లేదు మేడమ్" అన్నాడు ఇంజనీరు. గొంతులో కాస్త ఉక్రోషం ఉంది. "కానీ నాకు మాత్రం ఎప్పుడూ మూసుకోలేదు. కొత్తదానిలో లోపాలుంటే నెమ్మదిగా సర్దుకుంటాయి. అన్నీ చూసే చెబుతున్నా, మనకి ఆ కొత్తదే సరైనది."

"ఏ కొత్తది నాయనా?" అన్నాడు మాస్టారు. ఆయన మాట్లాడటం తక్కువ, మాట్లాడితే ఒక్కో మాటనీ నేలమీద పెట్టి పెట్టి నడిచినట్టుంటుంది. "మూ... మూడూ కొత్తవే కదా. వారం నుంచీ కొత్తది, నేను చెప్పినది అంటున్నావు. నాకు తెర సరిగ్గా కనబడదు. పే... పేరు చెప్పు, ఏదో తెలుస్తుంది."

ఆయన మామూలుగానే అడిగాడు. ఆ సాఫ్ట్‌వేర్ పేరు పలుకుబడి. ఇంజనీరు నోరు తెరిచాడు.

"అదే మాస్టారూ, మన... నేను మొదట్నుంచీ... ఆ ఫోన్లో నడిచేది..."

"అది మూడూ నడుస్తాయయ్యా."

"దాని పేరు" అన్నాడు ఇంజనీరు. పెదవులు రెండూ కలుసుకున్నాయి. విడిపోలేదు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తెర బిగుసుకుపోయిందనుకుని ఒకాయన తన ఫోను కదిపి చూసుకున్నాడు. ఇంజనీరు దవడ సన్నగా వణికింది. చెంప కింద కండ ఎగిరింది. కళ్ళు తెరలోంచి పక్కకి తప్పుకుని ఎక్కడో గోడ మీదికి వెళ్ళాయి. ఆమెకి ఆ చూపు తెలుసు. నర్సమ్మకి తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు. అద్దంలో కూడా ఎవరూ చూసుకోవడానికి ఇష్టపడని చూపు అది.

ఆ పేరు ఆమె నాలుక చివర ఉంది. ఎంత సులువు! ఆదివారం అతను ఆమెకి చేసినట్టే, సంబరంగా, ఒక్క మాట అందించేస్తే అయిపోయేది. వెనక గుమ్మం దగ్గర ఆమె భర్త ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినబడింది. "పలు..." అనబోయాడు. ఆమె తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి ఎత్తింది. ఆయన నోరు మూసుకున్నాడు.

ఎవరూ కదల్లేదు. వీధిలో ఎవరిదో స్కూటరు స్టార్టవక గుర్రుగుర్రుమంటోంది. మాస్టారు మళ్ళీ గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు, ఎంతసేపైనా ఇక్కడే ఉంటానన్నట్టు.

"ప్... ప్... పలుకుబడి" అన్నాడు ఇంజనీరు చివరికి.

నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. నవ్వడానికి ప్రయత్నించి మానేశాడు. తర్వాత వచ్చిన మాటలు గలగలా రాలేదు.

"వా... వారం నుంచీ ఈ పేరు తప్పించుకుని తిరుగుతున్నాను మాస్టారూ. మా ఆఫీసులో కూడా అంతే. రాని మాట వస్తోందంటే రెండు మాటల ముందే సందు తిరిగిపోతాను. ఆ గదిలో మైకు నాకు మూసుకోకపోవడానికి కారణం అదే. నేను ఆ... ఆగను. ఏదో ఒకటి అంటూనే ఉంటాను." చూపు గోడ మీంచి తెరలోకి తెచ్చుకున్నాడు. "నాకు పోయిందని రాశాను. పోలేదు. దా... దాచుకోవడం వచ్చింది."

ఎవరూ అయ్యో అనలేదు. అనకపోవడమే మంచిదైంది.

నర్సమ్మే ముందు మాట్లాడింది. "అయితే మీకు కూడా అ... అప్పజెప్పడం రాదన్నమాట" అంది. అందరూ నవ్వారు. కాస్త ఆలస్యంగా ఇంజనీరు కూడా.

మిగతాది తేలడానికి గంట కంటే చాలా ఎక్కువే పట్టింది. మూడింట్లో అన్నిటికంటే సాదాగా ఉన్నదాన్ని ఎంచుకున్నారు. అందులో మాట్లాడే గది లేదు. రాతతోపాటు గొంతు రికార్డు చేసి పెట్టే వీలుంది, ఎంతసేపు ఆగినా అది పట్టించుకోదు. నర్సమ్మకి ఎదురుగా వినేవాళ్ళు కావాలి కాబట్టి వారానికోసారి ఇలాగే వీడియోలో కలుద్దామన్నారు. ఎవరు పెట్టాలి అంటే, "నేను" అంది ఆమె. అన్నాక గాని తను ఏమందో ఆమెకి తెలియలేదు. వెనక నుంచి భర్త మెల్లిగా దగ్గాడు, నవ్వు ఆపుకోవడానికి.

*

పాత రాతలన్నిటినీ కొత్త చోటికి చేర్చే పని ఇంజనీరే నెత్తిన వేసుకున్నాడు. తిన్నగా సాగే పని కాదు. మొదటిసారి తెచ్చినప్పుడు అక్షరాలన్నీ చతురస్రాలైపోయాయి. రెండోసారి ఎవరి రాతలు ఎవరి పేరు కిందో పడి, మాస్టారు రాసిన సంగతులన్నీ నర్సమ్మ రాసినట్టు కనబడ్డాయి. 'ఉన్నట్టుండి నాకు ఇంత అనుభవం వచ్చేసిందేమిటక్కా' అని నర్సమ్మ కబురు పెట్టింది. అతను విసుక్కోకుండా అంతా చెరిపి మళ్ళీ మొదలుపెట్టాడు. మొదటి పేజీలోని తన వ్యాసాన్ని ఎవరూ అడక్కుండానే తీసేశాడు. దాని బదులు ఏం పెట్టాలని మాస్టారు అడిగితే, ఇంకా ఆలోచిస్తున్నానన్నాడు.

నెలాఖరు ముందు రోజు ఆమె షాపులో ఒక పెద్దావిడకి కళ్ళద్దాలు సరిచేస్తోంది. ముక్కు మీంచి జారిపోతున్నాయట. కాడల చివర్లు వేడిచేసి, చెవి వెనక ఒంపుకి తగ్గట్టు వంచుతుండగా ఫోను మోగింది. ఫోను వస్తే ఆమె ఎత్తదు. తర్వాత 'పనిలో ఉన్నాను, ఏమిటో రాయండి' అని కబురు పెడుతుంది. ఆ రోజు మాత్రం చెయ్యి తుడుచుకుని ఎత్తింది.

అవతల మాట లేదు. ఊపిరి మాత్రం వినబడుతోంది. ఎవరో ఆమెకి తెలిసిపోయింది. ఊరుకుంది.

"మే... మేడమ్. అంతా వచ్చేసింది. ఒక్కటి కూడా పోలేదు."

"అక్షరాలూ?"

"అక్షరాలే. చతురస్రాలు కాదు."

"మంచిది" అంది. అతను పెట్టేస్తాడనుకుంది. పెట్టలేదు.

"ఇంకోటి మేడమ్. మా పాపకి ఐదేళ్ళు. దాని పేరు వాళ్ళమ్మ పెట్టింది. చాలా ఇష్టంగా పెట్టింది, నేను వద్దనలేకపోయాను. నాకు ఆ పేరు రా... రాదు. ఇంట్లో బంగారం అంటాను, బడిలో మా పాప అంటాను, ఆస్పత్రిలో కాగితం మీద రాసిస్తాను. నిన్న పార్కులో జనంలో కనబడకుండా పోయింది. కేకెయ్యలేకపోయాను. దొరికిందిలెండి, అక్కడే ఉంది. కానీ..."

"చెప్పండి" అంది ఆమె. "నేను వింటున్నాను."

పెద్దావిడ అద్దాలు లేని కళ్ళు చిట్లించి ఆమె వైపు చూసింది. ఆమె ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి, స్టూలు ముందుకి జరిపింది. పెద్దావిడ కూర్చుంది. ఫోన్లో గాలి బిగబట్టిన చప్పుడు, వదిలిన చప్పుడు, మళ్ళీ బిగబట్టిన చప్పుడు. బయట బస్సొచ్చి ఆగింది, మనుషులు దిగారు, బస్సు వెళ్ళిపోయింది. ఆమె ఫోను ఇంకో చెవికి మార్చుకుంది.

పేరు వచ్చింది. మొదటి అక్షరం ముక్కలు ముక్కలుగా వచ్చింది గాని మొత్తం వచ్చింది.

"ఎంత బాగుందండీ" అంది ఆమె. ఆ పేరు తను కూడా ఒకసారి పైకి అనాలనిపించింది. మొదటి అక్షరం దగ్గర ఆమెకీ నాలుక అతుక్కుపోయింది. కళ్ళు మూసుకుంది, తెరిచింది. ఇంకా రాలేదు.

అవతలివైపు నుంచి అతను అందించలేదు. ఆమె ఆ పేరు పూర్తిచేసేదాకా ఫోను పట్టుకుని ఊరుకున్నాడు.